సోషల్ పీరియడ్‌ని మింగేస్తున్నది ఎవరు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మన పేటల్లో తిరిగితే ఏ ఇంట్లోనైనా ఇదే మాట. "సోషల్‌లో తొంభై రెండు వచ్చిందండీ, లెక్కల్లో అరవైయే. ఏం లాభం?" ఆ పిల్ల తలుపు పక్కనే నిలబడి వింటూ ఉంటుంది. తనకు బాగా వచ్చిన సబ్జెక్టు గురించి ఇంట్లోవాళ్ళు సిగ్గుపడుతూ చెబుతుంటే ఎటు చూడాలో తెలియక గోళ్ళు కొరుక్కుంటుంది. మేము కాఫీ తాగి, ప్రార్థన చేసి, "దేవుడు మంచి దారి చూపిస్తాడులే అమ్మా" అని లేచి వచ్చేస్తాం. అందులో నీకు ఏ పాఠం నచ్చింది అని ఆ అమ్మాయిని అడిగిన పాపాన పోలేదు. కాబట్టి ఈ నేరంలో మొదటి ముద్దాయిలం మేమే.

రెండో ముద్దాయి మన బడి. మన కమిటీల పెత్తనంలో, మన కానుకల డబ్బుతో నడిచే బళ్ళ గురించే అంటున్నాం. తొమ్మిది, పది తరగతుల టైంటేబుల్ తెరిచి చూడండి. సోషల్ అని రాసిన గడిలో దసరా సెలవుల తర్వాత లెక్కల స్పెషల్ క్లాసు జరుగుతుంటుంది. అంతకు ముందు కూడా ఆ క్లాసు ఎవరి చేతికి వచ్చింది? ఎవరికి పీరియడ్ ఖాళీగా ఉంటే వాళ్ళకి. ఒక చోట డ్రిల్లు మాస్టారు చెబుతున్నారు. ఆయన్ని తప్పుపట్టలేం, ఆయనకు ఇచ్చిందే ఒక గైడు. నాలుగో ప్రశ్న, ఏడో ప్రశ్న టిక్కు పెట్టుకోండి, ఐదు పాయింట్లు బట్టీ పట్టండి, పటంలో నదులకు నీలం రంగు వేయండి. చరిత్ర, పౌరశాస్త్రం, భూగోళం, అర్థశాస్త్రం నాలుగూ దాంతో అయిపోయాయి.

సైన్సు ల్యాబు లేదంటే పేరెంట్స్ మీటింగులో గొడవ అవుతుంది. సోషల్‌కి టీచరు లేరంటే ఎవరూ నోరెత్తరు.

ఈ సబ్జెక్టు మన పిల్లలకు దేనికి అని అడిగేవాళ్ళకు కోలారు బంగారు గనుల సంగతి చెబుతాం. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ తవ్వకం మొదలుపెట్టింది. చిత్తూరు వైపు నుంచి మనవాళ్ళు, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు వేల మంది ఆ బావుల్లోకి దిగారు. 1902లో శివనసముద్రం దగ్గర కావేరి మీద కరెంటు తీసి, దాదాపు తొంభై మైళ్ళు తీగలు లాగి ఆ గనులకు ఇచ్చారు. మన దేశంలో చాలా నగరాలకు కరెంటు లేని రోజులవి. అదే ఊళ్ళో 1990ల దాకా పాకీదొడ్లు ఉన్నాయి. మనిషి మలాన్ని మనిషే చేత్తో ఎత్తి బకెట్టులో మోశాడు. మోసినవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు, మన గుళ్ళలో పాటలు పాడేవాళ్ళు ఉన్నారు.

తొంభై మైళ్ళ దూరం నుంచి కరెంటు ఎలా వచ్చిందో ఫిజిక్స్ చెబుతుంది. కరెంటు వచ్చి తొంభై ఏళ్ళయినా బకెట్టు ఎందుకు పోలేదో, అది ఎప్పుడూ అవే ఇళ్ళవాళ్ళ నెత్తికి ఎందుకు ఎక్కిందో ఫిజిక్స్ చెప్పదు. చెప్పాల్సింది సోషల్ క్లాసు. మన పిల్లలు అదే క్లాసులో మాంచెస్టర్ బట్టల మిల్లుల గురించి ఐదు పాయింట్లు రాసి ఐదు మార్కులు తెచ్చుకుంటారు. తాత దిగిన గని ఎవరిదో, 2001 ఫిబ్రవరి 28న దాన్ని ఎందుకు మూశారో వాళ్ళకు ఎవరూ చెప్పరు. మాంచెస్టర్ తెలియాలి, కాదనడం లేదు. మాంచెస్టర్‌ని అర్థం చేసుకున్న పిల్లకు ఛాంపియన్ రీఫ్ కూడా అర్థం కావాలి కదా!

ఆ కోలారు గనుల్లోనే ఒక పాకీ పనివారి ఇంట 1966లో పుట్టినవాడు బెజవాడ విల్సన్. ఆయన చదివింది పొలిటికల్ సైన్సు, అదీ హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం నుంచి. పాకీదొడ్లు నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. మా దగ్గర అలాంటివి లేనే లేవని అధికారులు అంటుంటే, ఉన్నాయని ఫోటోలతో, లెక్కలతో, మనుషుల వాంగ్మూలాలతో నిరూపించుకుంటూ వెళ్ళింది ఆయనా, ఆయన తోటివాళ్ళూ కట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్. 2003లో సుప్రీం కోర్టుకు వెళ్ళారు, 2014లో తీర్పు తెచ్చుకున్నారు. 2016లో విల్సన్‌కు మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మన సంఘాల్లో శాలువాలు కప్పాం, ఫ్లెక్సీలు కట్టాం. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి ఫోటో దిగిన పెద్దాయనే మనవరాలు ఆర్ట్స్ తీసుకుంటానంటే "ఆర్ట్సా? పెళ్ళి సంబంధాలు వస్తాయా?" అన్నారు. పేరు చెప్పం. చదువుతున్నారు కాబట్టి ఆయనకే తెలుస్తుంది.

ఊరికి చెప్పడం, లెక్క తీయడం, చట్టం చదవడం, అబద్ధాన్ని పట్టుకోవడం. తొమ్మిదో తరగతి సోషల్ నేర్పగలిగేది ఇదే. దీనికి పెద్ద లైబ్రరీలు అక్కర్లేదు. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న కులం సర్టిఫికెట్టు చాలు.

ఆ కాగితం తీసి పిల్లల ముందు పెట్టండి. చిత్తూరులో ఉన్న చిన్నతాత కుటుంబానికి, క్రైస్తవంలోకి వచ్చిన దళితులు గనక, బి.సి.-సి అని రాశారు. కోయంబత్తూరులో ఉన్న మనకు బి.సి. అని రాశారు. బాప్తిస్మం తీసుకోని మేనత్త పిల్లలు ఎస్.సి.లు. ఒకే ముత్తాత, ఒకే వాడ, మూడు కాగితాలు. ఎందుకు? 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఒకటుంది. హిందువులు కానివాళ్ళను షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించకూడదన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మనల్ని చేర్చలేదు. ఈ సంగతి చెబితే పద్నాలుగేళ్ళ పిల్లలు ఎన్ని ప్రశ్నలు వేస్తారో వేసవి శిబిరాల్లో చూశాం. "మతం మారితే కులం పోతుందని వాళ్ళకు ఎవరు చెప్పారంకుల్?" అని ఒక కుర్రాడు అడిగాడు. ఇంకో పిల్ల ఇంకా ముందుకు వెళ్ళి, "మరి మన గుడిలో వెనక బెంచీలు ఎవరివి?" అంది. పాస్టరుగారు దగ్గారు. ఆ దగ్గు కోసమైనా ఈ సబ్జెక్టు ఉండాలి. సమాధుల తోటలో కూడా గోడ కట్టుకున్న సంఘాలున్న చోట, ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్న మన గుమ్మం దాకా రాకుండా ఉండదు.

భాష సంగతి కూడా చూడండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చారు అని పుస్తకంలో ఉంది. గీత గీసినప్పుడు అవతల పడ్డవాళ్ళ సంగతి ఉండదు. బళ్ళారి మైసూరులో కలిసింది. బరంపురం 1936 నుంచే ఒడిశాలో ఉంది. అలా మిగిలిపోయినవాళ్ళ కోసమే 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో 350-ఎ, 350-బి అధికరణాలు పెట్టారు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు ఉండాలని మొదటిది, భాషా అల్పసంఖ్యాకుల సంగతులు చూడ్డానికి ఒక ప్రత్యేక అధికారి ఉండాలని రెండోది. మనకోసం రాసిన ఆ రెండూ మనలో ఎంతమందికి తెలుసు? తెలుగు సెక్షన్ మూసేస్తున్నామని బడి నోటీసు అంటించినప్పుడు మనం ఎమ్మెల్యే ఇంటికి దండ పట్టుకుని వెళ్తాం. ఈ అధికరణం పేరు రాసి ఒక అర్జీ పెట్టాలని తోచదు. మనకు సోషల్ చెప్పినవాళ్ళూ గైడు పట్టుకున్నవాళ్ళే మరి.

మూడో ముద్దాయి ఢిల్లీలో ఉన్నాడు. ఎన్.సి.ఇ.ఆర్.టి. తొమ్మిదో తరగతి చరిత్రలో బట్టల సామాజిక చరిత్ర అని ఒక పాఠం ఉండేది. తిరువాన్కూరులో షానార్ స్త్రీలు పైబట్ట వేసుకున్నందుకు 1822లో వాళ్ళ మీద దాడులు జరిగాయి. వాళ్ళలో మిషన్ల ద్వారా క్రైస్తవంలోకి వచ్చి రవికెలు తొడుక్కున్న ఆడవాళ్ళున్నారు. ఆ గొడవ 1859 దాకా సాగింది. చివరికి ప్రభుత్వం, ఒళ్ళు కప్పుకోవచ్చు గానీ పై కులాల ఆడవాళ్ళలా మాత్రం కాదు అని ప్రకటించింది. ఒక రవికె కోసం ముప్పై ఏళ్ళకు పైగా! ఆ భాగం రాసిన తీరు మీద నాడార్ల నుంచి అభ్యంతరాలు వచ్చాయి, వ్యవహారం మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. రాసిన మాటల్లో తప్పుంటే దిద్దాలి. దిద్దలేదు. 2016 డిసెంబరులో ఆ భాగం మీద పరీక్షలో ప్రశ్నలు అడగొద్దని సి.బి.ఎస్.ఇ. చెప్పింది. 2019లో భారం తగ్గిస్తున్నామని మొత్తం పాఠమే ఎత్తేశారు. దాంతోపాటే రైతుల పాఠం, క్రికెట్ చరిత్ర పాఠం కూడా పోయాయి. 2022లో కరోనా పేరు చెప్పి పదో తరగతిలో ప్రజాస్వామ్యం, వైవిధ్యం అన్న పాఠం, ప్రజా ఉద్యమాల పాఠం, ప్రజాస్వామ్యానికి ఎదురయ్యే సవాళ్ళ పాఠం తీసేశారు.

భారం ఎవరికి? రవికె కథ ఏ పిల్లకూ భారం కాదు. యానాం ప్రభుత్వ బళ్ళు 2023-24 నుంచి ఆంధ్రా సిలబస్ వదిలి సి.బి.ఎస్.ఇ.కి మారాయి గనక అక్కడి మన పిల్లలు చదివేది ఇప్పుడు ఈ కత్తిరించిన పుస్తకాలే. పుస్తకంలోంచి తీసేస్తే మనం చెప్పకూడదని ఏ చట్టమూ లేదు. ఆదివారపు బడిలో మోషే ఐగుప్తు నుంచి జనాన్ని బయటికి తెచ్చిన కథ చెప్పేవాళ్ళకు ఇది చెప్పడానికి అడ్డేమిటి?

ఇక ఉద్యోగాల మాట. దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళతో మాకు పేచీ ఉంది. మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద ఊడుస్తున్న తల్లి, భివండీలో మగ్గం మూతపడి ఆటో తోలుతున్న తండ్రి, పిల్లకు ఏదో ఒక జీతం వచ్చే చదువు కావాలనుకోవడం తప్పు కాదు. పాఠాలు జరగని కాలేజీలో తెచ్చుకున్న బి.ఏ. కాగితం అన్నం పెట్టదు, అదీ నిజమే. అందరూ ఆర్ట్స్ తీసుకోండని మేము అనడం లేదు. అయితే అప్పు చేసి చదివించిన డిప్లొమా కాగితం కూడా ఎన్ని ఇళ్ళలో బీరువాలో పడి ఉందో ఆ తల్లిదండ్రులకే తెలుసు. మన కేసులు వాదించడానికి మన భాష వచ్చిన లాయరు కావాలంటే దొరకరు. మన సోషల్ క్లాసుకి టీచరు కావాలన్నా దొరకరు. ఆ ఖాళీలు ఎవరితో నింపుతాం?

పదో తరగతి తర్వాత ఎవరు ఏ గ్రూపు తీసుకున్నా సరే. పది దాకా అందరూ చదివేది ఇదే సబ్జెక్టు. రేపు ఇంజనీరు అయ్యేవాడికీ, నర్సు అయ్యే పిల్లకూ, చదువు అక్కడితో ఆగిపోయే పిల్లకూ రాజ్యాంగం గురించి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పేది ఆ రెండు మూడేళ్ళే. ఆగిపోయేవాళ్ళు మనలో ఎక్కువ గనక, ఆ పీరియడ్ దొంగతనం మనకే ఎక్కువ తగులుతుంది.

బడి కమిటీల్లో ఉన్న పెద్దలకు ఒక మాట. ఈ జూన్‌లో సోషల్ చదివిన టీచరుని పెట్టండి, జీతం తక్కువైతే గుడి రంగుల ఖర్చు ఒక ఏడాది ఆపండి. లెక్కల స్పెషల్ క్లాసు సాయంత్రం పెట్టుకోండి. మొదటి నెల గైడు తెరవకుండా, మన ఇంటివాళ్ళు ఈ ఊరికి ఎప్పుడు, ఎందుకు వచ్చారో అమ్మమ్మను అడిగి రాసుకురమ్మనండి. బడి తెరిచిన రెండో వారంలో మా వాళ్ళు ఇద్దరు ముగ్గురు మీ ఆఫీసు గదికి వస్తారు. గోడ మీద టైంటేబుల్ చూస్తారు. ఆ తర్వాత క్లాసుకి వెళ్ళి, నిన్న సోషల్ పీరియడ్‌లో ఏం జరిగిందని పిల్లల్నే అడుగుతారు.