ఫోన్ల చేపకు కడుపు నిండదు

మా అక్క కొడుకు మూడో తరగతి. మొన్న ఆదివారం పొద్దుగాల ఐదింటికే లేచి, దుప్పట్ల ఫోన్ పట్టుకొని కూసున్నడు. "ఏందిరా అల్లుడు?" అంటె, "మామా, చేప ఏడుస్తున్నది. మేత ఎయ్యకుంటె సచ్చిపోతదట" అన్నడు. ఫోన్ల ఒక గాజుతొట్టి, అండ్ల ఎర్రచేప, దాని కండ్లల్ల నీళ్లు. మేత డబ్బా ఖాళీ. ఇంకో డబ్బా కావాల్నంటె 89 రూపాయలు, లేకుంటె నాలుగు గంటలు ఆగాలె.

వాడు ఎన్నడు ఆగలేదని తర్వాత తెలిసింది. తాత ఫోన్ల కరెంటు బిల్లు కట్టేది, రీచార్జి చేసేది వాడే. యూపీఐ పిన్ వానికి నోటికొచ్చు. మూడు వారాలల్ల తొమ్మిది డబ్బాలు, 801 రూపాయలు. అక్క వాని వీపు మీద రెండు సరిచింది. నాకైతె తప్పు వానిది అనిపియ్యలె.

గిది కొత్త ముచ్చట కాదు. 1996ల జపాన్ల బాండాయ్ కంపెనీ టమాగోచి అని గుడ్డంత బొమ్మ తెచ్చింది. పట్టించుకోకుంటె అండ్ల జీవి సచ్చిపోయేది. పోరగాళ్లు బడికి తీస్కపోయి మేపుతుంటె చాన బళ్లు వద్దన్నయి. 2009ల ఫేస్‌బుక్‌ల జింగా కంపెనీ ఫిష్‌విల్ వచ్చింది. టమాగోచి ఒక్కసారి కొంటె అయిపోయేది. ఇప్పటి ఆటలు చాన మట్టుకు ఉత్తగనే దిగుతయి, లోపలికి పోయినంక పైసలు అడుగుతయి. చేప కడుపు నిండితె గల్లా నిండదు.

అమెరికాల 2014ల ఆపిల్ కంపెనీ, పెద్దోళ్ల పర్మిషన్ లేకుండ పిల్లలు కొన్నయాటికి కనీసం 3.25 కోట్ల డాలర్లు వాపస్ ఇస్తమని సర్కారుతోని ఒప్పుకున్నది. ఆ కేసుల ఒక తల్లి చెప్పింది: బిడ్డ పెంపుడు జంతువుల ఆటల 2,600 డాలర్లు ఖర్చు పెట్టిందట.

మన దేశంల 2023 నవంబర్ల కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 'డార్క్ ప్యాటర్న్స్' అని 13 రకాల మోసాల లిస్టు ఇచ్చింది. లేని తొందర పెట్టుడు, కొనకుంటె తప్పు చేసినట్టు అనిపిచ్చుడు రెండూ అండ్ల ఉన్నయి. ఏడ్సే చేప ఈ రెండు పనులు ఒక్కసారే చేస్తది. 2025ల పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, పైసలు పెట్టి పైసలు గెలిచే ఆటలను బంద్ పెట్టింది. చేపమేత కొంటె గెలిచేదేం లేదు, పోగొట్టుకునుడే. గందుకే ఆ నిషేధం దీనికి తాకదు.

మన సిద్దిపేట దిక్కు చూడుండ్రి. 2020ల రంగనాయక సాగర్ల నీళ్లు పడ్డయి, 2022ల మల్లన్న సాగర్ మొదలైంది. 2016 నుంచి సర్కారు చెరువులల్ల చేపపిల్లలను ఉత్తగ ఇడిసే స్కీం తెచ్చింది. వానలు పడి చెరువు నిండినంక రవ్వలు, బొచ్చెలు ఇడిస్తె, ఎండకాలం నీళ్లు తగ్గినంక వల ఏస్తరు. నడుమ నెలలకు నెలలు ఆగుడే. ముదిరాజుల, గంగపుత్రుల ఇండ్లల్ల పిల్లలకు గీ ఆగుడు ఎవరు చెప్పకుండనే వస్తది. ఆటల గదే ఆగుడుకు 89 రూపాయల రేటు కట్టిండ్రు.

అట్లని ఫోన్ గుంజుకోమంటలేను. అక్క నాటుకు పోతె వానికి తోడెవరు? చెరువు కాడికి ఒక్కన్ని తోలలేం. బొమ్మ చేపనే గావచ్చు, వాడు పెట్టుకున్న పావురం మాత్రం నిజం. ఆ పావురాన్నే పట్టుకొని పైసలు గుంజుడు నాకు మంటెక్కిస్తున్నది.

ఇంట్ల ఫోన్ సంగతి తెలిసినోళ్లం మనమే. ప్లే స్టోర్ సెట్టింగులల్ల ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేటట్టు పెట్టుండ్రి. తాత పిన్ మార్చి, బిల్లులు మీరే దగ్గరుండి కట్టుండ్రి. పైసలు పోతె పిల్లగాన్ని కొట్టకుండ్రి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ కొట్టుండ్రి.

ఆ రాత్రి ఆట నోటిఫికేషన్లు బంద్ పెట్టిన. వానికి నిద్ర పట్టలె, "సచ్చిపోతది మామా" అని రెండు సార్లు లేచిండు. తెల్లారి ఇద్దరం కలిసి తెరిచి చూసినం. చేప బతికే ఉన్నది.