ఏడొందల పదిహేనో దెబ్బ

సచిన్ 99 సెంచరీల దగ్గర ఆగిపోయిన రోజులు గుర్తున్నాయా? 2011 మార్చి నుంచి 2012 మార్చి దాకా... ఆయన బ్యాటు పట్టుకుని దిగిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ టీవీ ముందే! 99కీ 100కీ తేడా ఒక్కటే. ఆ ఒక్కటి కోసమే దేశమంతా ఏడాదిపాటు ఎదురుచూసింది. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులకూ అచ్చం ఇలాంటి పిచ్చే ఉంది. వాళ్లది హోమ్‌రన్ల లెక్క.

పిచర్ విసిరిన బంతిని బ్యాటర్ కంచె అవతలికి బాదేస్తే నాలుగు బేస్‌లూ తాపీగా చుట్టి రావచ్చు. అదే హోమ్‌రన్. మన సిక్సర్‌కు దగ్గరి చుట్టం. కాకపోతే అంత తేలిగ్గా దొరకదు. ఒక మ్యాచ్‌లో బ్యాటర్‌కు అవకాశం వచ్చేది మామూలుగా నాలుగైదుసార్లే. సీజన్‌కు 35 కొట్టడమే గొప్ప. ఆ లెక్కన 700 చేరాలంటే ఇరవయ్యేళ్లపాటు అదే జోరుతో ఆడాలి. అందుకే అమెరికా మేజర్ లీగ్‌లో ఆ గీత దాటినవాళ్లు నలుగురే. బ్యారీ బాండ్స్ 762, హ్యాంక్ ఆరన్ 755, బేబ్ రూత్ 714, ఆల్బర్ట్ పుజోల్స్ 703.

నిజానికి ఇవి అంకెలే. కానీ వాటిని జనం చూసిన తీరులోనే అసలు కథంతా ఉంది.

బేబ్ రూత్ 1935లో ఆట మానేశారు. ఆయన వదిలి వెళ్లిన 714ను దాదాపు నాలుగు దశాబ్దాలు ఎవరూ దాటలేదు. తాతలు మనవళ్లకు చెప్పుకునే సంఖ్య అయింది అది. అలాంటి రికార్డు దగ్గరికి వచ్చిన మనిషి హ్యాంక్ ఆరన్. అలబామా రాష్ట్రంలోని మొబైల్‌లో పుట్టిన నల్లజాతీయుడు. దశాబ్దాలపాటు నల్లవాళ్లకు తలుపులు మూసేసిన మేజర్ లీగ్, జాకీ రాబిన్సన్‌ను ఆడనిచ్చింది 1947లోనే. 1973 సీజన్ ముగిసేసరికి ఆరన్ లెక్క 713. రూత్‌ను అందుకోవడానికి ఇంకొక్కటి చాలు. కానీ మళ్లీ ఆట మొదలయ్యేది తర్వాతి ఏప్రిల్‌లోనే!

ఆ చలికాలమే ఆయనకు నరకమైంది. 1973లో ఆరన్‌కు వచ్చిన ఉత్తరాలు సుమారు 9 లక్షల 30 వేలు. అభినందనలు ఎన్నో ఉన్నాయి. వాటి మధ్యలోనే బూతులు, బెదిరింపులు. ‘తెల్లవాడి రికార్డు జోలికొస్తే చంపేస్తాం’ అన్న ధోరణిలో రాసినవాళ్లూ ఉన్నారు. ఆయనకు అంగరక్షకుణ్ని పెట్టాల్సి వచ్చింది. బ్యాటు పట్టుకున్న పాపానికి ఇంటిల్లిపాదికీ భయమే. ఈ సంగతి బయటికి పొక్కాక మాత్రం అండగా నిలుస్తామంటూ ఉత్తరాలు వెల్లువెత్తాయి. రూత్ భార్య క్లేర్ సైతం ఈ ద్వేషాన్ని ఖండించారు. తన భర్తే బతికుంటే ఆరన్‌కు చప్పట్లు కొట్టేవారన్నారు.

1974 ఏప్రిల్ 8. అట్లాంటా స్టేడియంలో 53 వేలకు పైగా జనం. నాలుగో ఇన్నింగ్స్‌లో అల్ డౌనింగ్ వేసిన బంతి కంచె దాటింది. 715! ఆరన్ బేస్‌లు చుడుతుండగా ఇద్దరు కుర్రాళ్లు మైదానంలోకి దూకి ఆయన వెంట పరుగెత్తారు. ఆ బెదిరింపుల సంగతి తెలిసినవాళ్ల గుండె ఒక్కక్షణం ఆగే ఉంటుంది. తీరా చూస్తే వాళ్లు వచ్చింది భుజం తట్టడానికి! చివరి బేస్ దగ్గర తల్లి వచ్చి కొడుకును గట్టిగా వాటేసుకుంది. ఆ కౌగిలిలో సంబరమెంతో భయమూ అంతే.

మూడేళ్ల తర్వాత జపాన్‌లో మరో ముచ్చట. 1977 సెప్టెంబరు 3న టోక్యోలో సదహారు ఓ 756వ హోమ్‌రన్ కొట్టి ఆరన్ అంకెను దాటారు. అది వేరే లీగ్ కాబట్టి మేజర్ లీగ్ లెక్కలోకి రాదు. అయితేనేం, ప్రభుత్వం ఆయన కోసమే అన్నట్టు ‘ప్రజా గౌరవ పురస్కారం’ నెలకొల్పి తొలి గ్రహీతను చేసింది. 1980లో ఆట మానేసేనాటికి ఓ లెక్క 868.

మేజర్ లీగ్‌లో ఆరన్ అంకెను దాటింది బ్యారీ బాండ్స్. 2007 ఆగస్టు 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో 756వది కొట్టారు. ఈసారి జనం అనుమానం వేరు. ఆయన కండలు పెరగడానికి స్టెరాయిడ్లు వాడారన్న ఆరోపణలు అప్పటికే గుప్పుమన్నాయి. తెలిసి ఎప్పుడూ వాడలేదన్నది బాండ్స్ మాట. సొంత ఊళ్లో జేజేలు, పొరుగూళ్లలో ఈలలు, ఎగతాళి. ఆ బంతిని మార్క్ ఎకో అనే ఫ్యాషన్ డిజైనర్ 7 లక్షల 52 వేల డాలర్లు పెట్టి వేలంలో కొన్నారు. దాన్నేం చేద్దామని జనాన్నే అడిగారు. కోటి దాకా ఓట్లు పడ్డాయి. తీర్పేమిటంటే... బంతి మీద చుక్క గుర్తు వేసి మ్యూజియానికి పంపాలని! మన ప్రకటనల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అని పక్కన పెడతారే, ఆ గుర్తే. ఆ బంతి అలాగే కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరింది. బాండ్స్‌కు మాత్రం ప్రవేశం దొరకలేదు. విలేకరుల ఓటింగ్‌లో 75 శాతం రావాల్సి ఉండగా 2022లో, పదోదైన ఆఖరి అవకాశంలో 66 శాతమే వచ్చింది.

అదే ఏడాది సెప్టెంబరు 23న పుజోల్స్ లాస్ ఏంజెలిస్‌లో 700 పూర్తిచేశారు. ప్రత్యర్థి మైదానమైనా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బంతి దొరికిన అభిమాని దాన్ని తిరిగివ్వకపోయినా ‘ఫర్లేదు, ఉంచుకోనివ్వండి’ అన్నట్టే మాట్లాడారు పుజోల్స్.

ఒకరిని ఒంటి రంగు చూసి తిట్టారు. ఒకరిని ఒంట్లో ఏముందోనని శంకించారు. రెండూ రికార్డు మీద ప్రేమతోనే అనుకున్నారు. కానీ రెండో ప్రశ్న ఆటకు సంబంధించింది. మొదటిది కాదు. ఈ తేడా తెలియని అభిమానం ఎంత పెద్దదైనా ప్రమాదమే.

బాండ్స్ తన రికార్డు దాటిన రాత్రి ఆరన్ మైదానానికి రాలేదు. కానీ పెద్ద తెర మీద వీడియోలో కనిపించి అభినందించారు. 2021లో, 86వ ఏట కన్నుమూశారు. తనను చంపుతామని రాసిన ఆ పాత ఉత్తరాలను మాత్రం ఆయన పారేయలేదు. దశాబ్దాలపాటు భద్రంగా దాచుకున్నారు... 715 కొట్టడానికి ఏం భరించాల్సి వచ్చిందో మర్చిపోకుండా.