పోగులోని విద్యుత్తు

షాంఘైలోని ఫూడాన్ విశ్వవిద్యాలయమున పెంగ్ హుయిషెంగ్ బృందము లిథియం బ్యాటరీని దారమువలె సన్నగా, మీటరు పొడవున చేసి, మరమగ్గముపై గుడ్డగా నేసి, 2021లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన వృత్తాంతమును మా వీధి ఇంజనీరింగు విద్యార్థికి చెప్పుచుండగా, అతడు “ఇదంతా కెమిస్ట్రీ కదండీ, నేతవాళ్ళకు ఇందులో పనేముంది?” అని తీసిపారవేసినాడు. ఆ మాట నాలుగు దినములుగా నన్ను బాధించుచున్నది.

రసాయనము కొత్తది కానేకాదు. లిథియం కోబాల్ట్ ఆక్సైడు, గ్రాఫైటు మన జేబులోని ఫోను ఎరిగిన ద్రవ్యములే. కష్టమంతయు వానిని పోగుగా మార్చుటలోనున్నది. సన్నని లోహపు తీగకు ఆ ద్రవ్యమును ఎగుడుదిగుడు లేకుండ పూయవలెను. రెండు ధ్రువములును తాకకుండ నడుమ పలుచని పొరను పెట్టి, రెంటిని పేనవలెను. పూత మందమైనచో వంచినప్పుడు పగిలి రాలును. పలుచనైనచో శక్తి చాలదు. పడుగుకు గంజి పెట్టువారికి ఈ సంకటము వేరుగ వివరింపనక్కరలేదు: గంజి చాలని పోగు నూగు లేచి తెగును, మించినది పెళుసెక్కి విరుగును. ఎండను విద్యుత్తుగా మార్చు దారముల సంగతియు ఇట్టిదే. రంగు పట్టించిన టైటానియం తీగకు కార్బన్ నానోట్యూబుల నూలు పేనుటయే అందలి నేర్పు.

ఫూడాన్ బృందమునకు ముందటి పోగు బ్యాటరీలలో కిలోకు ఒక వాట్-గంటయైన నిలుచుట అరుదు, వారి బ్యాటరీలో 85.69 నిలిచినది. లక్షసార్లు వంచినను 80 శాతమునకు మించి సామర్థ్యము మిగిలినది. పొడవు పెరిగినకొలది లోపలి నిరోధము పెరుగునని తలచినవారికి, అది తగ్గుచున్నదని కొలతలే చెప్పినవి.

ఇంతటి పనికి పేనుట, నేయుట తెలియవలెను గదా; మన సాంకేతిక కళాశాలలలో ఎన్నింట విద్యార్థి ఒక్క మగ్గమునైన తాకి చూచును? చీరాలలో ఒకమారు అచ్చు అతుకుట చూచితిని. ఒక వృద్ధురాలు బూడిద అంటిన వ్రేళ్ళతో పాత పోగు కొసకు కొత్త పోగును చేర్చి, ఒక్క మెలి త్రిప్పి, చూడకయే తరువాతి పోగు నందుకొనుచుండెను. ఆ అతుకు నా కంటికి కానరాలేదు. ఆమె మనుమడు ఆ విద్యను నేర్వడు, నేర్చినను కూలి గిట్టదు గనుక. ఆ జ్ఞానమును కొలిచి వ్రాసిపెట్టిన ప్రయోగశాల యేది? పెద్దలు వస్త్రసంప్రదాయమని సభలలో శాలువలు కప్పుదురు. పాఠ్యప్రణాళికలో మాత్రము పడుగు పేకలకు చోటీయరు.

వచ్చు ఆదివారము నాతో చీరాలకు వచ్చుటకు ఆ విద్యార్థి ఒప్పుకొనినాడు.