గోడకెక్కిన పళ్ళేలు

ఇంగ్లండులో కాపురముంటున్న ఒక సోదరి వ్రాశారు: "ఇక్కడి పాత సామాన్ల సంతలో నీలిరంగు బొమ్మలున్న పింగాణీ పళ్ళేలు నాలుగు కొన్నాను. గోడకు అలంకారంగా పెట్టాలని నా సరదా. 'బంగారంలాంటి పళ్ళేలు మేకుకు తగిలించటమేమిటి, పండగపూట వడ్డించుకోక!' అంటున్నారు మా అత్తగారు. మీరేమంటారు?"

నేను గోడకే ఓటు వేస్తాను. కారణం అందం ఒక్కటే కాదు.

ఇలాంటి పళ్ళేలకు పుట్టినిల్లు స్టాఫర్డ్‌షైరులోని స్టోక్-ఆన్-ట్రెంట్ ప్రాంతం. రాగిరేకుమీద చెక్కిన బొమ్మను నీలిరంగుతో పల్చటి కాగితంమీద అచ్చువేసి, ఆ కాగితాన్ని కాల్చిన పళ్ళేనికి అంటించి రుద్దేవారు. కాగితం కడిగేస్తే బొమ్మ నిలుస్తుంది. దానిపైన గాజుపూత పూసి మళ్ళీ కాల్చేవారు. నీలిరంగులో ఈ పద్ధతిని 1784 ప్రాంతంలో చక్కగా కుదిర్చినవాడు జొసయా స్పోడ్. విల్లోచెట్టు, వంతెనమీద ముగ్గురు మనుషులు, పైన రెండు పక్షులు వున్న పళ్ళేన్ని మీరు చూసే వుంటారు. దానికి చెప్పే చైనా ప్రేమకథ చైనాది కాదు. బొమ్మ వచ్చాక ఇంగ్లండులో అల్లిందే. మన దేశపు వేట దృశ్యాలతో కూడా స్పోడ్ కంపెనీ 1815 ప్రాంతంలో ఒక వరస పళ్ళేలు చేసింది.

ఇక అసలు సంగతి. ఆ కాలపు గాజుపూతలో సామాన్యంగా సీసం కలిపేవారు. పూత తొట్టెలో చేతులు ముంచి పనిచేసినవారెందరో ఆ విషంవల్ల జబ్బుపడ్డారు. పూత అరిగినా, సన్నని గీతలు పడినా సీసం ఆహారంలోకి దిగవచ్చు. పులుపు తగిలితే మరీను. చింతపండు పులుసు, నిమ్మకాయ పులిహోర, ఊరగాయ, పెరుగు - మన వంటలో పులుపు లేనిదేది? పసిపిల్లలకూ, గర్భిణులకూ సీసం మరీ చెరుపు. కనుక ఆ పళ్ళేలలో వడ్డించకండి. గోడమీద వుంటే ఎవరికీ హాని లేదు. 1870లలో లండను పెద్దిళ్ళలో ఇలా గోడలనిండా నీలి పళ్ళేలు తగిలించటం ఒక వెర్రిగా సాగింది.

తగిలించేముందు పళ్ళేన్ని వేలితో మెల్లగా మీటండి. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే ఎక్కడో పగులుంది. దానిని అలమరలో స్టాండుమీద నిలబెట్టండి. స్ప్రింగు తీగ బిగుతుగా వుంటే అంచు పెచ్చులూడుతుంది. సరిపడే కొలత తీగ కొని, కొక్కేలకు సన్నని రబ్బరు గొట్టం తొడగండి. అక్కడి ఇళ్ళలో కొన్ని గోడలు లోపల డొల్లగా వుంటాయి. తట్టి చూసి, గట్టిచోటే మేకు వేయించండి. పొయ్యిపైనా, మంచం తలవైపునా వద్దు. ముందు నాలుగింటినీ నేలమీద పరచి అమరిక చూసుకుంటే గోడకు వృథా చిల్లులు పడవు. కడగటానికి గోరువెచ్చని నీళ్ళు చాలు, బ్లీచి తగలనివ్వకండి.

పళ్ళెం వెనక్కు తిప్పి చూడటం మరవకండి. "ఇంగ్లండ్" అని వుంటే సాధారణంగా 1891 తరువాతది. డైమండు ఆకారపు ముద్ర వుంటే, ఆ నమూనా 1842కీ 1883కీ మధ్య రిజిస్టరయిందన్నమాట. ఏ ముద్రా లేకపోయినంతమాత్రాన నకిలీ అనుకోనక్కరలేదు.

అంచు అల్లిక ఒకచోట కలిసీ కలవనట్టు కనిపిస్తే అది చూసి వెల తగ్గించకండి. కాగితాన్ని కత్తిరించి అంటించే పని చాలావరకు స్త్రీలు, చిన్న బాలికలు చేసేవారు. ఆ అతుకు వారి చేతి గుర్తు. పళ్ళేన్ని గోడకు పెట్టేటప్పుడు, ఆ వైపు కనిపించేటట్టే పెట్టండి.