అంగిలిలో చెరిగిపోయే గోడ



గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే మన పల్లెల్లో మొదట నింద పడేది తల్లి మీదే. గ్రహణం నాడు బయట తిరిగిందనీ, కత్తిపీట ముట్టిందనీ అత్తవారు అంటారు. 139వ కీర్తన కంఠస్థం వచ్చిన ఇళ్లలో కూడా ఈ మాట వినబడడం విచారకరం. అందుకే ఈ నెల, బిడ్డ నోరు గర్భములో ఎలా ఏర్పడుతుందో చూద్దాం.

శిశువు ముఖము ఒకే ముద్దగా తయారు కాదు. వేర్వేరు వైపుల నుండి పెరిగిన భాగాలు దగ్గరకు వచ్చి కలుస్తాయి. పై పెదవి 6, 7 వారాలకే కలుస్తుంది. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అంగిలి సంగతి ఇంకా ఆశ్చర్యం. పైదవడకు రెండు వైపుల నుండి రెండు పలకలు బయలుదేరి, మొదట నాలుకకు ఇరుప్రక్కల క్రిందికి వ్రేలాడుతుంటాయి. 8వ వారం ప్రాంతంలో అవి పైకి లేచి, నాలుక మీదుగా అడ్డంగా పరుచుకుని, మధ్యలో ఒకదానినొకటి తాకుతాయి.

తాకినంత మాత్రాన ఒకటి కావు. ప్రతి పలక మీదా చర్మం వంటి కణాల పొర ఉంటుంది. ఆ రెండు పొరలూ అంటుకుని నడుమ గోడలా నిలుస్తాయి. గోడ ఉన్నంతసేపు లోపలి కండ కలవదు. అప్పుడు గోడలోని కణాలే దారి ఇస్తాయి. కొన్ని తమంతట తామే చనిపోతాయి. కొన్ని జరిగి నోటివైపు, ముక్కువైపు పొరల్లో చేరతాయి. పొర అడుగునుండే పలుచని పరుపు కూడా కరిగిపోతుంది. ఇటు కండ అటు కండతో ఏకమవుతుంది. 12వ వారానికి ఈ పని దాదాపు ముగుస్తుంది. అన్నిటికన్నా చివర కలిసేది కొండనాలుక.

ఈ కణాలకు కబురందించే పదార్థాలలో ఒకటి టి.జి.ఎఫ్. బీటా-3. దాని జన్యువు తీసివేసిన ఎలుక పిల్లలు చీలిన అంగిలితో పుట్టాయని 1995లో వెల్లడైంది. కోడికైతే ఆ చీలిక సహజమే. ఈసారి కోడి నోరు తెరచి చూడండి, పైన పొడవాటి సందు కనబడుతుంది.

మనుషులలో సుమారు 700 కాన్పులకు ఒక బిడ్డ పెదవి గాని, అంగిలి గాని, రెండూ గాని చీలి పుడుతుంది. వంశపారంపర్యం, తల్లి చుట్ట బీడీ త్రాగడం, గర్భానికి ముందే ఉన్న చక్కెర వ్యాధి, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఇందుకు దోహదం చేస్తాయి. (ఆ మందులు మీ అంతట మీరు మానవద్దు, డాక్టరుగారిని అడగండి.) చాలాసార్లు ఏ ఒక్క కారణమూ తేలదు. గ్రహణం మాత్రం కానే కాదు.

అంగిలి చీలిన బిడ్డ పాలు సరిగా చీకలేదు. తల్లిపాలు పిండి, బిడ్డను నిటారుగా పట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి. పెదవికి సాధారణంగా 3 నుండి 6 నెలల వయసులో, అంగిలికి 9 నుండి 18 నెలల మధ్య ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపము కూడా చేరి ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగాని, అంగన్‌వాడీలోగాని అడిగితే ఎక్కడికి వెళ్లాలో చెబుతారు.