మా ఏళ్ళు ఎటు పోయాయి?

"ఆంటీ, పాతికేళ్ళ లోపు వాళ్ళనే తీసుకోమన్నారండి."

బెజవాడలో ఓ పెద్ద బట్టల షాపులో నా కొడుకు ఈడు కుర్రాడు నాతో అన్న మాట ఇది. బయట అద్దానికి 'సేల్స్ గర్ల్స్ కావలెను' అని కాగితం అంటించి ఉంది. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళుగా చీరలు కొంటున్నదాన్ని, చీర అమ్మడానికి మాత్రం పనికిరాకుండా పోయాను. పక్కనే పంచెలు చూపిస్తున్నాయనకి యాభై దాటే ఉంటాయి. ఆయన 'అనుభవమున్న మనిషి'. నేను 'ఆంటీ'ని.

తిరిగి కొండపల్లి బస్సెక్కి కూర్చున్నాక లెక్క వేసుకున్నాను. పందొమ్మిదికి పెళ్ళి. ఇద్దరు పిల్లలు. మంచాన పడిన అత్తగారికి ఎనిమిదేళ్ళ చాకిరీ. చిన్నవాడు కాలేజీలో చేరాకే నాకు గడప దాటే తీరిక దొరికింది. దాటేసరికి అవతలి తలుపు మూసేశారు. ఆ ఇరవై మూడేళ్ళూ నేను ఖాళీగా కూర్చోలేదే! జీతం లేని పని గనక అది అనుభవం కాదట. వయోపరిమితి ఆడా మగా అందరికీ ఒకటేనంటే అందుకే నేను ఒప్పుకోను. గీత ఒకటే కావచ్చు, దాని దాకా వచ్చే దారి ఇద్దరిదీ ఒకటి కాదు.

మరి చట్టం ఏమంటోంది? ప్రభుత్వోద్యోగాల్లో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం పేరిట వివక్ష కూడదంటుంది రాజ్యాంగం 16వ అధికరణం. ఆ జాబితాలో వయసు లేదు. 1976 నాటి సమాన వేతన చట్టం నియామకాల్లో స్త్రీలపై వివక్ష వద్దంది. 2019 వేతనాల కోడ్ కూడా లింగ వివక్ష దగ్గరే ఆగిపోయింది. అంటే షాపు యజమాని 'ఆడవాళ్ళు వద్దు' అంటే తప్పు. 'పాతిక దాటినవాళ్ళు వద్దు' అంటే అడిగే నాథుడు లేడు. అమెరికాలో 1967లోనే నలభై దాటినవాళ్ళ కోసం చట్టం తెచ్చారు. ఉద్యోగ ప్రకటనల్లో వయసు హద్దులు పెట్టడాన్ని కూడా అది అడ్డుకుంటుంది.

మన కోర్టుల ముందుకు ఈ ప్రశ్న రాకపోలేదు. ఎయిర్ ఇండియాలో అప్పట్లో ఎయిర్ హోస్టెస్‌లు ముప్పై అయిదుకే రిటైరవ్వాల్సి వచ్చేది. అదే విమానంలో పనిచేసే మగ పర్సర్లకు 58. నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు, మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయే నిబంధనను కొట్టేసింది. మంచిదే. కానీ ఈ వయసు తేడాను మాత్రం వివక్ష కాదంది, ఇద్దరివీ వేరు వేరు కేడర్లు గనక! ముందు వేరు చేసి, ఆ తర్వాత వేరు గనక తక్కువన్నమాట. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్ళ లోపు పెళ్ళి చేసుకోకూడదన్న నిబంధనా నిలబడింది.

అక్కడ పెళ్ళి కాకూడదన్నారు. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్త కావాలంటే పెళ్ళయి తీరాలి, 21 నుంచి 35 ఏళ్ళ మధ్య ఉండాలి. కేంద్రప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో వితంతువులకూ, విడాకులై తిరిగి పెళ్ళాడని వాళ్ళకూ 35 ఏళ్ళ దాకా సడలింపు ఉంది. అది ఉండాల్సిందే. కానీ మొగుడు పోతేనో, వదిలేస్తేనో తప్ప స్త్రీ పోగొట్టుకున్న ఏళ్ళు ప్రభుత్వం కంటికి ఆనవా? కాపురం చేస్తూ కరిగిపోయిన ఏళ్ళు ఏళ్ళు కావా?

"కుర్రవాళ్ళకే పనుల్లేవు, మీకెక్కడివి?" అంటారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించినప్పుడు కూడా యువత పేరే చెప్పారు. తర్వాత మళ్ళీ పెంచారు. 2014లో 60, 2022లో 62 అయింది. కొలువులో ఉన్నవాళ్ళ ఏళ్ళ గురించి ఇన్నిసార్లు ఆలోచించిన ప్రభుత్వాలు కొలువులో అడుగే పెట్టనివ్వని మా గురించి ఒక్కసారి ఆలోచించాయా? నన్ను కాదని తీసుకున్న ఇరవై ఏళ్ళ అమ్మాయికైనా భద్రత ఉందా? పెళ్ళయితే ఆమెనూ పంపేస్తారు. ఆమెకిచ్చింది ఉద్యోగం కాదు, గడువు.

మా ఊళ్ళో వయసడగని పని ఒకటుంది. పొణికి కర్ర బొమ్మలకు చింతగింజల మక్కు పట్టించి రంగులేసే ఆడవాళ్ళలో కళ్ళు మసకబారినవాళ్ళూ ఉన్నారు. నీ వయసెంతని వాళ్ళనెవరూ అడగరు. ఎందుకంటే దాన్ని ఉద్యోగమని ఎవరూ అనరు, ఇంటిపనిలో కలిపేస్తారు. కూలి తక్కువైన చోట ఏ వయసైనా ఫరవాలేదు. నెల జీతం, పి.ఎఫ్. ఉన్న చోటే మనకి వయసు మించిపోతుంది.

అందుకే అడుగుతున్నాను. ఉద్యోగ ప్రకటనల్లో వయసు హద్దు పెట్టడం నేరం కావాలి. ఫలానా పనికి ఫలానా వయసే ఎందుకు కావాలో యజమానే రుజువు చేసుకోవాలి. పిల్లలనీ, ముసలివాళ్ళనీ సాకిన ఏళ్ళకు, భర్త ఉన్నా లేకపోయినా, ప్రతి స్త్రీకీ సడలింపు ఇవ్వాలి. ఇది దయ కాదు, బాకీ.

ఆ కాగితం ఇంకా ఎన్ని షాపుల అద్దాల మీద ఉందో ఈసారి బజారుకెళ్ళినప్పుడు చూడండి. లోపలికెళ్ళి ఎందుకని అడగండి.