చలిదేశంలో నీటి సీసా

మన పిల్లలు చాలామంది చలిదేశాలు చేరి కార్లు నడుపుతున్నారు. అక్కడ కొందరు కారులో బిగించుకునే నీటి సాధనం ఒకటున్నది. ఉక్కు పలకలను నీటిలో ముంచి బ్యాటరీ కరెంటు పంపితే నీరు విడిపోయి హైడ్రోజన్, ఆక్సిజన్ పుడతాయి. వాటిని ఇంజను పీల్చే గాలిలో కలుపుతారు. పెట్రోలు ఆదా అవుతుందని అమ్మేవారి మాట. ఆ కరెంటును పుట్టించేది ఆ ఇంజనే, అది త్రాగేది ఆ పెట్రోలే గదా! నాకు నమ్మకం లేదు. అయినా డబ్బు పోసి బిగించుకున్నవారికి శీతకాలపు జాగ్రత్త చెప్పవలసి ఉన్నది.

కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి రాత్రులు సున్నాకు 20 డిగ్రీలు దిగువకు పోవడం మామూలే. నీరు గడ్డకట్టేటప్పుడు నూటికి సుమారు 9 పాళ్ళు ఉబ్బుతుంది. పాత్ర పగులుతుంది, పలకలు వంగుతాయి.

వట్టి నీటిలో కరెంటు సరిగా పారదు గనుక పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం కలుపుతారు. చలికి మందు కూడా అదే. చేతితో త్రిప్పే ఐస్‌క్రీం పీపాలో మంచు మీద ఉప్పు చల్లిన పెద్దలకు తెలుసు, ఉప్పునీరు సున్నా దగ్గర గడ్డకట్టదని. తూకంలో నూటికి 30 పాళ్ళ క్షారమున్న నీరు సున్నాకు 50 డిగ్రీలు దిగువన కూడా ద్రవంగానే ఉంటుంది. 5 పాళ్ళే ఉంటే కొద్ది డిగ్రీలు దిగగానే గడ్డకట్టడం మొదలు. అయితే క్షారం పెంచితే కరెంటు మితిమీరి పారి నీరు కాగిపోతుంది. దాన్ని అదుపు చేసే సాధనం ఉండాలి.

క్షారాన్ని నీటిలో కొద్దికొద్దిగా వేయాలి గాని, క్షారంపై నీళ్ళు పోయరాదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పవు. కంట పడితే చూపే పోవచ్చును. రేడియేటరులో పోసే గ్లైకాల్ మాత్రం ఇందులో పోయకండి; పలకల వద్ద చెడి మురికి చేస్తుంది. పైగా అది తియ్యని విషం, పసిపిల్లలకు అందనీయరాదు.

అందరూ మరిచేది రెండవ సీసాను. వాయువు ఇంజనుకు పోయే దారిలో ఉండి, మంట వెనక్కి రాకుండా ఆపేది అదే. అందులోది వట్టి నీరు. అది గడ్డకడితే దారి మూసుకుని ఒత్తిడి పెరుగుతుంది. ఆ వాయువు పేలడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అందులోనూ క్షారం పోద్దామంటే, తుంపరలు చేరి ఇంజనులోని అల్యూమినియాన్ని తినివేస్తాయి. కనుక రాత్రి కారు ఆపగానే ఆ సీసా ఖాళీ చేసి, బయలుదేరేముందు మళ్ళీ నింపుకోవాలి. దారిలోనే గడ్డకట్టేటంత చలి ఉన్ననాడు ఆ సాధనం స్విచ్చి వేయకుండా పోవడమే మేలు. కారు నడకకు దానితో పని లేదు.